పైకి చూసే కన్నం

లాయరమ్మ వారం రోజులుగా వాదించడం లేదు. మధ్యలో ఆదివారం ఒక్కరోజు వాదించింది, అదీ మామూలు మోతాదులోనే: అన్నం ముందా స్నానం ముందా అన్న కేసు మధ్యాహ్నం మూడింటిదాకా నడిపి, చివరికి రెండూ ఎగ్గొట్టింది. సోమవారం బడికెళ్లి వచ్చేసరికి మళ్లీ నోరు మూతపడింది.

ఎనిమిదేళ్ల పిల్ల. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది, ఇంట్లో ఎవరికీ దాంతో పని పడలేదు. మాటలు వచ్చిన మర్నాడే వాదన వచ్చింది. పళ్లెందుకు తోముకోవాలన్న కేసు ఒకసారి పదకొండు రోజులు నడిస్తే, పన్నెండో రోజు బ్రష్షే రాజీకొచ్చిందని వాళ్ల నాన్న అందరికీ చెబుతుంటాడు.

ఆ నాన్న సైలెన్సర్ మేస్త్రీ. కార్ల పొగగొట్టాలు కోసి, వంచి, అతికే పని. ఆ సాయంత్రం ఇంటికొచ్చి రెయిన్‌కోటు దులుపుకుంటుంటే కూతురు చాప మీద బూట్లతోనే పడుకుని కనిపించింది.

"బూట్లు విప్పలేదేం?"

"విప్పితే తల కదులుతుంది."

"తలకీ బూట్లకీ ఏంటమ్మా సంబంధం?"

మామూలు రోజైతే ఈ ప్రశ్నకి అరగంట జవాబు వచ్చేది. "నొప్పి," అంది అంతే.

భార్య వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. ఆమెకి పెద్దాసుపత్రి లాండ్రీలో తెల్లవారుజాము షిఫ్టు. రోజుకి ఆరువందల దుప్పట్లు మడిచిన చేతులతో ఇంటికొచ్చి, కూతురి గౌను మడవడానికి బద్ధకిస్తుంది. 

"మధ్యాహ్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. బడికి తీసుకెళ్లే కార్లో వాంతి చేసుకుందంట. పాపం కారు తాతే కడిగాడు."

"పోయిన శుక్రవారం కూడా ఇదే కదా. శనివారానికి తగ్గింది. ఆదివారం గోడలెక్కింది."

"అదే నాకూ అర్థం కావట్లా."

"నాకర్థమైంది," అన్నాడు మేస్త్రీ. "దీని తలనొప్పికి క్యాలెండరు చదవడం వచ్చు."

మాట తనకే నచ్చింది. ఇంట్లో రెండుసార్లు అన్నాడు. పక్కింటాయన గొడుగు అడగడానికొస్తే ఆయనకీ ఒకసారి వినిపించాడు. పక్కింటాయన నవ్వి, గొడుగు మర్చిపోయి వానలో వెళ్లిపోయాడు.

"అబద్ధం కాదు నాన్నా," అంది లాయరమ్మ. సాక్షుల్ని పిలవలేదు, పాయింట్లు తియ్యలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. బూట్లు తల్లి విప్పింది.

మేస్త్రీ షెడ్డంటే మూడు గోడలు, పైన రేకు, మధ్యలో మనిషి లోతు గొయ్యి. నాలుగో గోడ ఉండాల్సిన చోట కార్లు నిలబడతాయి. వాన రేకు మీద పడుతుంటే లోపల మాటలన్నీ అరుపులే. అలా అరిచి అరిచి అలవాటైపోయి, మేస్త్రీ ఎవరింటికైనా పరామర్శకి వెళ్తే పోయినవాళ్లు కూడా ఒకసారి కదిలినట్టుంటుందని చెప్పుకుంటారు.

మంగళవారం వచ్చినాయన లైబ్రరీలో ఉద్యోగి. పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా జనాన్ని 'ష్' అనడమే ఆయన పని. ఇరవై ఏళ్లు అనీ అనీ పెదాలు అదే ఆకారంలో నిలిచిపోయాయి. కారు దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి మేస్త్రీ చెవి దగ్గరికొచ్చాడు.

"నాకు సౌండు కావాలి."

"ఎంత?"

ఆయన ఇంకోసారి అటూ ఇటూ చూశాడు. "పెద్దది."

"ఇస్తా."

"శనివారం నాకు పొగ పరీక్ష ఉంది మరి. మార్పులు చేస్తే పాసవదంటారు కదా."

"దాని సంగతి నాకొదిలెయ్యండి సార్. నా చేతి బండి ఒక్కటీ ఫెయిలవలేదు. మిషను మీ బండి పొగ వాసన చూసి, ఇదేదో పూలతోట అనుకుంటుంది."

గోతిలోకి దిగాడు. లైటు కొక్కేనికి తగిలించి, గొట్టాన్ని ఇంజను దగ్గర్నుంచి వెనకదాకా వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట చప్పుడు మందంగా పలికింది. అక్కడుంది కన్వర్టరు: ఇంజను వదిలే విషాన్ని దారిలోనే కాల్చేసే డబ్బా. లోపల తేనెపట్టులా సన్నటి గదులుంటాయి. విషంతో పాటు చప్పుడునీ మింగేస్తుంది కాబట్టి సౌండు కావాలన్నవాడికి ముందు ఎగిరిపోయేది అదే. సుద్దతో అటొక గీత, ఇటొక గీత పెట్టాడు. గ్రైండరు పట్టుకుంటే నిప్పురవ్వలు మెడలోకి దూకాయి. మెడ దులుపుకోలేదు, దులుపుకోవడం కొత్తవాళ్ల అలవాటు. డబ్బా ఊడి చేతిలో పడింది. ఆ ఖాళీలో తిన్నటి గొట్టం నిలబెట్టి అతికాడు.

మేస్త్రీది ఎడంచేతి వాటం. అందరి అతుకూ చేపపొలుసుల్లా ఒకవైపుకి వాలితే, అతనిది ఎదురు వాలుతుంది. చివర్న వెల్డింగు టార్చి ఎత్తేటప్పుడు చిన్న కొక్కెంలా తిరుగుతుంది. సంతకం పెట్టాల్సినచోట వేలిముద్ర వేస్తాడేమోగానీ, అతుకు చివర కొక్కెం మర్చిపోడు.

ఇక్కడిదాకా ఊళ్లో ఎవడైనా చేస్తాడు. తర్వాతిది అతనొక్కడిది. వెనక సీటు కిందుగా పోయే గొట్టానికి చొక్కా గుండీ అంత కన్నం పెట్టి, దానిపైన గోరంత రేకుతో చిన్న చూరు కట్టాడు. దాన్ని ఊపిరి కన్నం అంటాడు. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు పొగ విడతలు విడతలుగా వస్తుంది, విడతకీ విడతకీ మధ్య కన్నం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. కొసన గొట్టం పెట్టిన పరీక్ష మిషనుకి సగం పొగా, సగం మంచి గాలీ అందుతాయి. బండి రోడ్డెక్కి పరిగెత్తితే అదే కన్నం పీల్చడం మాని వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు చూడ్డానికి అక్కడ మిషనుండదు.

"ఇది పైకి చూస్తోందేంటి?" అన్నాడు లైబ్రరీ సారు గోతిలోకి వంగి.

"పరీక్షవాళ్లు ఒక్కోసారి కింద అద్దం పెట్టి చూస్తారు సార్. కిందికి పెడితే దొరికిపోతాం. పైకి పెడితే కిందనుంచి చూసేవాడికి కనపడదు, పైన కూర్చున్నవాడు ఎలాగూ చూడడు."

లైబ్రరీ సారు ఆ తెలివికి గుసగుసగా మెచ్చుకున్నాడు. కారు స్టార్టు చేస్తే రేకు మీది వాన ఒక్క క్షణం భయపడి ఆగినట్టయింది. ఆయన స్టీరింగు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఇరవై ఏళ్ల 'ష్'లన్నీ ఒక్కసారి తిరిగొచ్చినట్టు నవ్వాడు.

అలాంటి కన్నాలు మేస్త్రీ ఎన్ని పెట్టాడో మేస్త్రీకే తెలియదు. ముప్పై ఉండొచ్చు, నలభై ఉండొచ్చు. మంచి వంటవాడు తిప్పిన గరిటెలు లెక్కపెట్టుకోడని అతని అభిప్రాయం.

బుధవారం పొద్దున టీచరమ్మ రమ్మంటే బడికి వెళ్లాడు. ఆమె బల్ల మీద లాయరమ్మ నోటుబుక్కు తెరిచిపెట్టింది. అక్షరాలు గీత మీద బయల్దేరి, సగం దారిలో కాళ్లు పట్టు తప్పి, కింది గీత మీద పడి ఉన్నాయి.

"మొదటి పీరియడంతా నిద్రే. బయట నిలబెట్టాను. నిలబడి నిద్రపోయింది. మధ్యాహ్నానికి మేలుకుని, నిలబెట్టడం న్యాయమా అని నన్నే అడుగుతుంది."

"ఇంట్లోనూ అంతేనండీ. ఆదివారం మాత్రం నిప్పుకణిక."

"మీ అమ్మాయొక్కతే కాదు. ఆ తెల్లకార్లో వచ్చే ఆరుగురిదీ ఇదే వరస. అందరికీ ఒకేసారి తలనొప్పి. కూడబలుక్కుంటున్నారు. సూత్రధారి ఎవరో నేను చెప్పక్కర్లేదనుకుంటా."

లాయరమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎవరైనా చూస్తే భలే ఆరోగ్యంగా ఉందనుకుంటారు.

"టీచరుకి సారీ చెప్పు," అన్నాడు మేస్త్రీ.

లాయరమ్మ తండ్రి మొహంలోకి చూసింది. ఏదో వెతికినట్టు చూసింది. "సారీ టీచర్," అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నేరం ఒప్పుకోవడం అదే మొదటిసారి. మేస్త్రీకి గెలిచినట్టు అనిపించాలి. ఎందుకో అనిపించలేదు.

గేటు బయట కారు తాత గొడుగేసుకుని పిల్లలు మర్చిపోయిన నీళ్లసీసాలు ఏరుతున్నాడు. ముసలాయన చాలా ఏళ్లు పాత వ్యాను నడిపి, పోయిన నెలే ఈ కారు కొన్నాడు. సెకండ్ హ్యాండే అయినా కొత్తగా తెల్లరంగు వేసి ఉంది. సందులోకి ఎన్నిసార్లు వచ్చిందో గానీ, ఆ వేళకి మేస్త్రీ షెడ్డులో ఉంటాడు. దగ్గర్నుంచి చూడటం ఇదే.

"పిల్లలు ఎట్లా ఉంటున్నారు తాతా కార్లో?"

"బంగారాలు నాయనా. వ్యాన్లో జుట్లు పట్టుకుని కొట్టుకు చచ్చేవాళ్లు. ఇందులో ఎక్కి అద్దాలు మూస్తే చాలు, రెండు వీధులు దాటకముందే అందరూ నిద్ర. బండి అంత సాఫీ." తాత అద్దానికి అంటించిన కాగితం మీద తడి తుడిచాడు. "ఇదిగో, పొగ కాగితం. పసిపిల్ల ఎక్కే బండి కదా అని అన్నీ చూసే కొన్నా. అన్నీ సున్నాలే."

పసిపిల్లంటే ఆయన మనవరాలు చిట్టి. అయిదేళ్లుంటాయి. ఊరి చివర తాత దగ్గరే ఉంటుంది కాబట్టి అందరికన్నా ముందు ఎక్కుతుంది, అందరికన్నా చివర దిగుతుంది. 

"వెనక సీటు కింద వెచ్చగా ఉంటుందని మా చిట్టి అక్కణ్ణుంచి కదలదు. కాళ్లు ముడుచుకుని పిల్లికూనలాగా."

తాత స్టార్టు చేశాడు. మేస్త్రీ అలవాటుగా చెవి ఒగ్గాడు. చప్పుడే లేదు. కొసన కొత్త సైలెన్సరు మెరుస్తోంది.

"మంచి బండి తాతా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

గురువారం పదింటికి భార్య ఫోను. మిషన్ల హోరులో సగమే వినపడింది. చిట్టిని ఆసుపత్రికి తెచ్చారు. బడి దగ్గర నలుగురు దిగారు, చిట్టి లేవలేదు. తాత అదే కార్లో నేరుగా ఇటే తెచ్చాడు.

"మరి మన పిల్ల?" మేస్త్రీ గొంతు రేకు దాటి వీధిలోకి వినపడింది.

"నా దగ్గరుంది. ఇవాళ బడికి పంపలా. నాతో లాండ్రీకి తెచ్చుకున్నా. నీకు చెబితే మళ్లీ క్యాలెండరంటావని చెప్పలా."

మేస్త్రీ వెళ్లేసరికి లాయరమ్మ ఉతికిన దుప్పట్ల గుట్ట మీద కూర్చుని ఉంది. కళ్లు తేటగా ఉన్నాయి. తండ్రిని చూడగానే వేలెత్తింది.

"నాన్నా, ఇవాళ గురువారం."

"అవునమ్మా."

"సెలవా?"

"కాదు."

"నాకు తలనొప్పుందా?"

"ఉందా?"

"లేదు. బడుంది, తలనొప్పి లేదు. మరి క్యాలెండరు చదివే తలనొప్పైతే ఇవాళ రావాలి కదా? ఇవాళ నేనేం చెయ్యలేదు? కారెక్కలేదు. అంటే అది బడి తలనొప్పి కాదు. కారు తలనొప్పి."

తల్లి మడుస్తున్న దుప్పటి చేతిలో అలాగే ఉండిపోయింది. మేస్త్రీకి నవ్వొచ్చింది, నోటిదాకా వచ్చి ఆగింది. వెనక సీటు కింద వెచ్చగా ఉంటుందట. గొట్టం మీద నేల ఎప్పుడూ కాస్త వెచ్చగానే ఉంటుంది. కానీ పిల్ల కాళ్లు ముడుచుకునేంత వెచ్చదనం ఊరికే రాదు.

ఆసుపత్రి ఆవరణలో తెల్లకారు అడ్డదిడ్డంగా ఆపి ఉంది. డ్రైవరు తలుపు తీసే ఉంది, సీటు మీద వాన పడుతోంది. మేస్త్రీ నీళ్లలో వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసుకుని కిందికి జరిగాడు. సైలెన్సరు కొత్తది, ఎవరో బజార్లో కొని బిగించారు. దాని ముందున్న గొట్టం పాతది. కన్వర్టరుండాల్సిన చోట తిన్నటి గొట్టం. దాని మీద అతుకు.

పొలుసులు ఎదురు వాలి ఉన్నాయి. చివర్న కొక్కెం.

అప్పుడు గుర్తొచ్చాడు. నిరుడు ఎర్రకారుతో వచ్చిన కుర్రాడు, ఆకాశం ఉరిమితే నా కారు జవాబు చెప్పాలన్నవాడు. ఎర్రరంగు మీద తెల్లరంగు వేస్తే కారు మారిపోతుందిగానీ కిందిభాగానికి ఎవరూ రంగెయ్యరు. మేస్త్రీ ఎడంచేయి ఎత్తి గొట్టం పైవైపుకి పోనిచ్చాడు. చూడకుండానే వేలు దాన్ని చేరింది. గొట్టం ఇంకా వేడిగా ఉంది, వేలు చురుక్కుమంది. తియ్యలేదు. కన్నానికి సరిగ్గా పైన, కారు నేలకి ఉండాల్సిన రబ్బరు బిరడా ఎప్పుడో ఊడిపోయి, రూపాయంత ఖాళీ ఉంది. వానలు రాకముందు అద్దాలు దించుకుని తిరిగారు, గాలి కొట్టుకుపోయింది. పదిరోజుల నించి అద్దాలు మూశారు.

ఇది పావుగంట పని. ఒక రేకు ముక్క, నాలుగు చుక్కల అతుకు. కన్నం పోతుంది, ఒకప్పుడుండేదని కూడా ఎవరికీ తెలియదు. షెడ్డు ఇక్కణ్ణుంచి దగ్గరే, కారు తాళం కారుకే ఉంది. మేస్త్రీ అలా పడుకునే ఉన్నాడు. వీపు కింద నీళ్లు పారుతున్నాయి. పొగగొట్టాల కింద అతను బతుకులో సగం గడిపాడు, ఏ కారు కిందా ఇంత సేపు ఊరికే పడుకోలేదు.

చక్రం పక్కన రెండు చిన్న చెప్పులు వచ్చి ఆగాయి. లాయరమ్మ గొంతుక్కూర్చుని కిందికి తొంగిచూసింది.

"దొరికిందా నాన్నా?"

"దొరికింది," అన్నాడు.

పైన వార్డులో డాక్టరమ్మ చిట్టి టిఫిను డబ్బా వాసన చూస్తోంది. చిట్టి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చేతికి సెలైను పెట్టారు. ఏం తింది, ఏం తాగింది, ఎక్కడి నీళ్లు అని డాక్టరమ్మ అడుగుతుంటే తాత తప్పుచేసినవాడిలా ఒక్కొక్కటే చెబుతున్నాడు.

"ఏం తినలేదు డాక్టరమ్మా," అన్నాడు మేస్త్రీ. గొంతు ఎప్పటిలాగే పెద్దదిగా వచ్చింది, వార్డంతా తిరిగి చూసింది. "పీల్చింది. కారు పొగ. పదిరోజుల నించీ పీలుస్తోంది. మిగతా పిల్లలు కూడా."

"మీకెలా తెలుసు? మీరెవరు?"

బట్టల్లోంచి నీళ్లు కారి కాళ్ల దగ్గర మడుగు కట్టాయి.

"ఆ కన్నం పెట్టింది నేనండీ."

డాక్టరమ్మ అతన్ని తిట్టడానికి ఆగలేదు. నర్సుని కేకేసింది. ఆక్సిజన్ మాస్కు వచ్చింది, చిట్టి మొహంలో ముప్పావు వంతు దాని కిందే పోయింది. బడికి ఫోను చేసి మిగతా పిల్లల్ని తెమ్మన్నారు.

తాత బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్లో చిట్టి బూట్లున్నాయి, లేసులు ముడేసి విప్పుతున్నాడు. మేస్త్రీ ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"మీ అమ్మాయి కూడా అదే కార్లో కదా నాయనా వచ్చేది," అన్నాడు తాత. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం చిట్టి కళ్లు తెరిచింది. తాతని గుర్తుపట్టింది. చేతికి చెంచా ఇస్తే జారిపోయింది. మళ్లీ ఇచ్చారు, మళ్లీ జారింది. చూద్దాం అంది డాక్టరమ్మ. చూద్దాం అంటే ఎన్నాళ్లని తాత అడగలేదు.

పోలీసు స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు కారు అద్దం మీది కాగితం ఊడదీసి రెండువైపులా చూశాడు.

"దీని ప్రకారం బండి శుభ్రం. కాబట్టి పిల్లల్నెక్కించుకుని అద్దాలన్నీ మూసేసిన డ్రైవరుదే తప్పు."

"వాన పడుతుంటే మూయడా సార్?" అన్నాడు మేస్త్రీ.

"వాన మీద కేసు పెట్టలేను కదయ్యా."

"కన్నం పెట్టింది నేనని చెబుతున్నా కదా సార్."

"నువ్వెన్నైనా చెబుతావు. కాగితం మీద కన్నం లేదే." హెడ్డు కాగితం బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడేం కాదు, కాగితానికి ఎదురు చెప్పే అలవాటు లేనివాడు. "సరే. రేపు మళ్లీ పరీక్ష చేయిద్దాం, నా ఎదురుగా. ఫెయిలైతే నీ మాట. పాసైతే పెద్దాయన లోపలికి."

కన్నం ముట్టుకోవద్దన్నాడు. మేస్త్రీ ముట్టుకోలేదు.

పరీక్ష కేంద్రంలో మిషను ముందు కూర్చునే ఆయన్ని సున్నాల సారంటారు. అగ్గిపెట్టెలోంచి వచ్చిన పొగకి కూడా సున్నా వేసే మనిషి. శనివారం కాబట్టి తొమ్మిది కార్లు వరసలో ఉన్నాయి. వరస మధ్యలో లైబ్రరీ సారు, స్టీరింగు వెనక పెదాలు 'ష్' ఆకారంలో పెట్టుకుని. తాత గోడ పక్కన నిలబడ్డాడు.

తెల్లకారు మెల్లగా తిరుగుతోంది. కొసన గొట్టం దూర్చారు. మిషను ఆలోచించింది. సున్నా, సున్నా, ఇంకో సున్నా. 

"పాస్," అన్నాడు సున్నాల సారు.

హెడ్డు తాత వైపు చూశాడు. తాత తల దించుకుని చేతులు ముందుకి కట్టుకున్నాడు, ఎవరో కట్టమన్నట్టు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు మేస్త్రీ.

మెడలో తుండు తీసి నీళ్లగుంటలో ముంచాడు. నాలుగు మడతలు పెట్టి పొగగొట్టం మూతికి అడ్డంగా పెట్టి, ఎడంచేత్తో అదిమిపట్టాడు. కన్నం లేని బండైతే ఊపిరాడక ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు. కారు నడుం కిందనుంచి, సరిగ్గా వెనక సీటు కిందనుంచి, టైరులో గాలి పోతున్నట్టు చప్పుడు మొదలైంది. సన్నటి చప్పుడే. తొమ్మిది కార్లవాళ్లూ విన్నారు.

"వెనక సీట్లో కూర్చోండి సార్. అద్దాలు మూసుకుని," అన్నాడు హెడ్డుతో.

హెడ్డు కూర్చున్నాడు. రెండు నిమిషాలు కాలేదు, తలుపు తోసుకుని దిగి, కాలరు గుండీ విప్పుకుని గోడకి ఆనుకున్నాడు. తర్వాత నడిచివెళ్లి తాత చేతులు విడదీశాడు.

"గుడ్డ పెట్టి చూడమని నా రూల్సులో లేదు," అన్నాడు సున్నాల సారు, మిషను మీది దుమ్ము తుడుస్తూ. తర్వాత గొంతు తగ్గించి మేస్త్రీతో, "ఎదురు వాలిన అతుకు. నీదని నాకెప్పుడో తెలుసు. నువ్వు పెట్టడం మానావా, నేను సున్నా వెయ్యడం మానడానికి?" అన్నాడు.

అంతలో వరసలో వెనకనుంచి ఒక కారు కదిలింది. తర్వాత దాని ముందుది. రివర్సు గేరు వేసుకుని, ఒకరికొకరు దారిచ్చుకుంటూ, ఎప్పుడూ లేనంత మర్యాదగా వరస కరిగిపోయింది. లైబ్రరీ సారు కూడా తిప్పుకున్నాడు. మూడు వీధులకి వినపడేంత చప్పుడుతో గుట్టుగా జారుకుంటున్నాడు. వెనక సీట్లో ఎవరో ముసలావిడ శాలువా కప్పుకుని ఉంది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి.

మేస్త్రీ పరిగెత్తాడు.

"సార్, అద్దాలు దించండి. సార్. అద్దాలు."

ఊళ్లోకెల్లా పెద్ద గొంతు. రేకు మీది వానని గెలిచిన గొంతు. తను పెట్టిన సౌండు ముందు అది ఆనలేదు. లైబ్రరీ సారు అద్దంలోంచి అతన్ని చూసి, డబ్బు సంగతేమో అనుకున్నాడు కాబోలు, ఇంకాస్త గట్టిగా తొక్కాడు. మలుపు తిరిగాక కూడా చాలాసేపు ఆ చప్పుడు వినపడుతూనే ఉంది.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర తాతా, తెల్లకారూ, హెడ్డూ మిగిలారు. హెడ్డు పుస్తకం తీశాడు.

"ఆ పోయినాయన ఎవరు?"

"లైబ్రరీ సారు. మంగళవారం పెట్టా."

హెడ్డు ఎవరికో ఫోను చేసి లైబ్రరీకి మనిషిని పంపమన్నాడు. మళ్లీ కలం పట్టుకున్నాడు.

"మొత్తం ఎన్ని బండ్లకి పెట్టావ్?"

"ముప్పై. నలభై ఉండొచ్చు సార్."

"నెంబర్లు?"

"రాసుకోలేదు."

"మనుషుల పేర్లన్నా?"

"పేర్లతో పని పడలేదు సార్."

హెడ్డు 'తెలియదు' అని రాశాడు. కింద మేస్త్రీ ఎడంచేత్తో సంతకం పెట్టాడు. షెడ్డుకి నాలుగో గోడ లేదు కాబట్టి సీలు గ్రైండరుకి వేశారు. పిలిచినప్పుడు స్టేషనుకి రావాలన్నారు.

సోమవారం వాన తగ్గలేదు. కూతుర్ని బడికి నడిపించి తీసుకెళ్తున్నాడు. ఒకే గొడుగు, అది లాయరమ్మ చేతిలో ఉంది, కాబట్టి మేస్త్రీ నడుం కింద మాత్రమే తడవలేదు.

"నువ్వు నన్ను అబద్ధమన్నావ్," అంది లాయరమ్మ. "పక్కింటి అంకుల్‌కి కూడా చెప్పావ్."

"అన్నానమ్మా."

"టీచర్‌కి సారీ చెప్పించావ్."

"చెప్పించా."

బడికెళ్లే దారంతా రోడ్డుకి రెండువైపులా కార్లు ఆపి ఉన్నాయి. లాయరమ్మ మొదటిదాని దగ్గర గొంతుక్కూర్చుంది.

"ఇది నీదేనా?"

మేస్త్రీ వంగి చూశాడు. "కాదు."

"ఇది?"

"కాదు."

"ఇది?"

ఈసారి మేస్త్రీ వంగి చూడటంతో ఆగలేదు. ఉతికిన చొక్కాతోనే నీళ్లలో పడుకుని కిందికి జరిగాడు. లాయరమ్మ బయట మిగిలిన కాళ్ల మీదికి గొడుగు పట్టి నిలబడింది. కాసేపటికి లోపలినుంచి, అతని గొంతేనా అనిపించేంత చిన్నగా వినపడింది.

"నెంబరు రాసుకోమ్మా."

ఆమె సంచీలోంచి నోటుబుక్కు తీసి, మోకాలి మీద పెట్టుకుని, కొత్త పేజీలో ఒకటి వేసింది. పక్కన కారు నెంబరు రాసింది. అక్షరాలు గీత దాటలేదు. దాని కింద రెండు వేసింది, మూడు వేసింది, నాలుగు వేసింది. వేసి ఆగింది.

"ఎంతదాకా వెయ్యాలి నాన్నా?"

కింద మేస్త్రీ వేలు అప్పటికే గొట్టం పైవైపు తడుముతోంది.